ముడులు లేని తాడు

వాకిట్లో ఓ మూల కూర్చుని మా ఆయన చొక్కా కాలరుకు సబ్బు రుద్దుతున్నాను. లోకంలో ఇన్ని చొక్కాలుండగా ఈ చొక్కా మాత్రం నాదన్న గర్వంతో, అవసరమైన దానికంటే ఎక్కువే రుద్దుతున్నాను. అప్పుడొచ్చింది ఆ కబురు.

తెచ్చినవాడు పోలీసు జవాను. సైకిలు గోడకు ఆనించి, టోపీ తీసి చెమట తుడుచుకుని, "నర్సమ్మ ఇల్లు ఇదేనా? నేరేడ్‌మెట్‌ల మీ మోటరు దొరికింది. వచ్చి తీస్కపోవాలె" అన్నాడు.

వాకిట్లో బియ్యం ఏరుతున్న మా అత్తయ్య రోసమ్మ ఒళ్లో చాట ఉందన్న సంగతే మరచి లేచి నిలబడింది. బియ్యమంతా ఆమె పాదాల మీద పడింది.

"సీట్లున్నయా?" అని అడిగింది.

జవాను నవ్వాడు. నేనూ నవ్వాను. అత్తయ్య నవ్వలేదు.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవారికి ఇంతవరకు జరిగింది ఒక్క గుక్కలో చెప్పేస్తాను. నా పేరు కాంతమణి. గుంటూరులో బి.ఎ. ముగించి, మొన్న జనవరిలో జ్ఞానశేఖర్ గారిని పెళ్లాడి, సికిందరాబాదు రెజిమెంటల్ బజారులోని ఈ ఇంటికి వచ్చాను. ఆయన మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. అత్తయ్య కాన్పులు చేసే నర్సు, అందుకే ఊరందరికీ నర్సమ్మ. మోండా నుంచి బొల్లారం దాకా ఎవరింట్లో నొప్పులు మొదలైనా ముందు కబురు ఆమెకే. ఆ తిరుగుడు కోసం మామయ్య బతికున్న రోజుల్లో కొన్న చిన్న ఆస్టిన్ కారు ఉండేది. దాన్ని నడిపేవాడు షంషీర్. అత్తయ్య చేతుల మీదే పుట్టినవాడు.

పోయిన సెప్టెంబరులో, ఇండియా సైన్యం ఇంకా ఊళ్లోకి రాకముందు, రజాకార్లు కంటికి కనిపించిన బండినల్లా పట్టుకుపోతున్న రోజుల్లో, ఒక పొద్దున చూస్తే షెడ్డులో కారు లేదు. షంషీరూ లేడు. బండిని వాళ్లకు అప్పజెప్పి వాళ్లలో కలిసిపోయాడని బజారంతా అన్నది. అత్తయ్య ఆ మాట అనలేదు. కాదని కూడా అనలేదు. షంషీర్ తండ్రి నన్నే సాహెబ్ మోటార్లకూ టాంగాలకూ సీట్లు కుట్టే మనిషి. ఆ రోజు నుంచి ఆయన మా వాకిలి తొక్కలేదు. తల్లి జైతున్ బీ తన గడపే దాటలేదు. సైన్యం వచ్చింది, గొడవలు సద్దుమణిగాయి, దుకాణాలు తెరుచుకున్నాయి. కొడుకు బతికున్నాడో లేడో మాత్రం ఆ ఇద్దరికీ ఎవరూ చెప్పలేకపోయారు.

ఇదీ సంగతి. ఇప్పుడు కారు దొరికింది.

సాయంత్రానికి మా ఆయన దాన్ని ఇంటికి నడుపుకొచ్చారు. నడపడం అంటే, సందులో ఇరుపక్కల గోడలనూ పలకరించుకుంటూ రావడం. ఆయన పక్కన కూర్చుని నేను కళ్లు మూసుకున్నాను. అది భయం వల్లనని ఆయన, ప్రేమ వల్లనని నేను ఇప్పటికీ వాదించుకుంటున్నాం.

నేరేడ్‌మెట్‌లో చాలాకాలంగా తాళం వేసి ఉన్న ఒక బంగళాలోకి కొత్తగా అద్దెకు దిగినవాళ్లు వెనక గుర్రాల కొట్టం తలుపు తెరిస్తే, గడ్డిమోపుల వెనక టార్పాలిన్ కప్పుకుని నిలబడి ఉందట మా ఆస్టిన్. సీట్ల మీది గుడ్డ బూజు పట్టి, అంచులు ఎలుకలు కొరికి, తడిసిన గోనెసంచిలా కంపు కొడుతోంది.

అత్తయ్య మాత్రం వెనక సీటును పిడికిలితో నొక్కి చూసి ఆశ్చర్యపోయింది. "చూసినవా మణీ! పైన గిట్లున్నది గానీ, లోపలి కొబ్బరిపీచు జెర సుత చెదరలే. ఎలుకలు లోపలికి పోకుంట ఎట్ల ఊకున్నయే?"

ఎలుకల మనసులో ఏముందో ఆలోచించే తీరిక నాకు లేదు. కారుకు కొత్త బట్టలు తొడగాలి. ఆ బట్ట నేను ఎంచాలి. నా ఆనందమంతా అక్కడే ఉంది.

మరునాడు ముగ్గురం మోండా మార్కెట్‌కు పోయాం. బట్టల కొట్టు భద్రయ్య మా ముందు తానులు పరిచాడు. మా ఆయన చెయ్యి నేరుగా ఖాకీ తాను మీదికి పోయింది.

"ఖాకీనా సార్!" భద్రయ్య గొంతు తగ్గించి నవ్వాడు. "నిరుడు రజాకార్ల వర్దీలకని దొరకక కొట్లాడిన్రు. ఇప్పుడు పుణ్యానికి ఇస్తనన్నా ఎవ్వలు ముడుతలేరు. గోడౌన్ నిండ ఉన్నది. నేను సుత దాని దిక్కు సూస్తలే."

"దుమ్ము కనపడదు కదా" అన్నారు మా ఆయన, లెక్క తప్పని మనిషిలాగా.

"దుమ్ము కనపడదు సార్, మనిషి కనపడ్తడు."

మా ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నేను తెల్లమీద నీలిపూల గుడ్డ ఒకటి పట్టుకుని ఇక వదల్లేదు. దాన్ని చెంపకు ఆనించుకున్నాను కూడా. అత్తయ్య నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఆ సీటు మీద ఎవలు కూసుంటరో ఎరుకేనా? నిండునెలల పిల్లలు. దవాఖానకు పోయే తొవ్వలనే కనేటోళ్లు సుత ఉంటరు. నీ నీలిపూలు ఒక్కనాడు సుత ఉండయి."

"అయితే మరకలు కనపడని రంగు కావాలి. కానీ అందంగా ఉండాలి" అన్నాను.

"అందం బిడ్డల సూస్కుంటరు. సీటుల కాదు."

అప్పుడు అడుగున ఉన్న తాను కనిపించింది. మందపాటి జీన్ గుడ్డ, వంకాయ రంగు. లేత వంకాయ కాదు, ముదిరి నిగనిగలాడే నల్లవంకాయ. ఏ మరకనైనా మింగేసి ఏమీ ఎరగనట్టు ఉండే రంగు.

"వంకాయల కూసోవాల్నానే నేను!" అంది అత్తయ్య. కానీ చెయ్యి తాను మీద పెట్టింది, తీయలేదు. మా ఆయన నా వైపు చూసి కన్ను గీటారు. మేము గెలిచాం.

గుడ్డ భుజాన వేసుకుని బయటికొచ్చాక అసలు ప్రశ్న వచ్చింది. కుట్టేదెవరు?

"కంటోన్మెంట్‌ల ఒకాయన ఉన్నడంట" అన్నారు మా ఆయన, తల్లి ముఖం చూడకుండా.

అత్తయ్య కూరగాయల గంపల మధ్య ఆగిపోయింది. "నన్నే సాహెబ్ కుట్టని సీట్ల నేను ఇంతవరకు కూసోలే. ఇప్పుడు కూసోను. పో, తోల్కరా."

"అమ్మా, ఆయన వస్తడా?"

"నేను పిలుస్తున్ననని చెప్పు. ఆయన సిగ్గు ఆయనది. నా నడుం నొప్పి నాది."

నన్నే సాహెబ్ వచ్చాడు. సన్నటి మనిషి, తెల్లగడ్డం, చేతిలో నూలుతాడు. గేటు దగ్గరే నిలబడి, "సలాం నర్సమ్మా" అన్నాడు. అత్తయ్య, "ఎండల నిలబడ్తవేంది, లోపలికి రా" అంది. ఇన్ని నెలల తర్వాత వాళ్లిద్దరి మధ్య నడిచిన మాటలు అంతే. అవే ఎక్కువనిపించాయి నాకు.

ఆయన తాడుతో సీటు మీద అటూ ఇటూ కొలిచాడు. పని చేస్తున్నంతసేపూ చూపు మాత్రం నడిపేవాడి సీటు మీదికి పోకుండా జాగ్రత్తపడ్డాడు. నేను చాయ్ ఇస్తే, "బతుకు బేటీ" అన్నాడు. నమాజు వేళయ్యేసరికి తాడు కారు తలుపుకు తగిలించి మసీదుకు వెళ్లాడు.

నాకా, కొత్త కోడలికి, ఏదో ఒకటి సర్దకపోతే చేతులు ఊరుకోవు. ఆ తాడు చూస్తే నిండా చిక్కులు. పాపం, పెద్దాయన కళ్లు సరిగా కనపడవేమో అనుకున్నాను. మెట్టు మీద కూర్చుని, కూనిరాగం తీస్తూ, గోళ్లతో ఒక్కొక్కటీ ఓపిగ్గా విప్పాను. తాడును జిలేబీలా చుట్టి, మళ్లీ తలుపుకే తగిలించాను. ఆయన వచ్చి, గుడ్డ చంకన పెట్టుకుని, ఆ చుట్టను చూడకుండానే జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. మంచిపని చేశానని ఆ పూట మా ఆయనకు కూడా చెప్పుకున్నాను.

మరునాడు మధ్యాహ్నం మా గేటు ముందు పరదా కట్టిన రిక్షా ఆగింది. ముందు నన్నే సాహెబ్ దిగాడు. ఆ వెనక నల్లటి బురఖాలో ఒక మనిషి దిగి, ఆయన కంటే ముందు నడిచి, లోపలికి వచ్చేసింది.

అత్తయ్య చేతిలోని తమలపాకు జారిపోయింది. "జైతూన్!"

జైతున్ బీ ముసుగు వెనక్కి వేసింది. గుండ్రటి ముఖం, నిద్రలేని కళ్లు. పలకరింపులు లేవు. గుప్పిట తెరిచి నా జిలేబీచుట్టను చూపించింది.

"అక్కా, నిజం చెప్పు. నిన్న ఈయనకు ఈడ ఏమన్న అయిందా? కండ్లు తిరిగి పడ్డడా?"

"ఏం కాలేదే. చాయ్ తాగిండు, పోయిండు."

"మరి ఇదేంది? పెండ్లైన కాడ్నుంచి ఈయన కొలుస్తడు, నేను కుడ్తా. ఏ మోటరును నేను కండ్లతోటి సూసింది లేదు. ఈ తాడే నాకు మోటరు. ఈడికి అంచు అని ఒక ముడి, ఈడికి మూల అని రెండు ముడులు. చీకట్ల ఇచ్చినా నా వేళ్లు సదువుతయి. నిన్న ఉత్త తాడు తెచ్చి నా చేతుల వెట్టిండు! ఒక్క ముడి లేదు. కొడుకు కూసున్న బండిని జూసి మనిషికి మతి పోయిందనుకున్న. ఇగ ఇంట్ల ఎట్ల ఉండాలె?"

గుమ్మం అవతలినుంచి నన్నే సాహెబ్ గొంతు దీనంగా వినిపించింది. "వేసిన జైతూన్! అల్లా కసం, అన్ని ముడులు వేసిన!"

"వేస్తే యాడ పోయినయి? ఎలుకలు తిన్నయా?"

నా చెవులు వేడెక్కాయి. "నేనే విప్పాను" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"చిక్కులనుకున్నానండీ."

"అన్నీనా?" అంది జైతున్ బీ.

"ఒకటి బాగా బిగుసుకుపోయి ఉంటే... పంటితో లాగాను."

జైతున్ బీ నన్ను చూసింది. తాడును చూసింది. ఆమె భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందేమోనని నేను కంగారుపడేలోగా ఆమె గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వింది. గుమ్మం అవతల నన్నే సాహెబ్, "చూసినవా, నేను పిచ్చోణ్ని గాదు!" అంటున్నాడు. అత్తయ్య ముక్కు మీద వేలేసుకుని, "నా కోడలు బి.ఎ. సదివింది జైతూన్. ముడులు యాడ కనపడ్డా విప్పుతది" అంది. ఆ మాటతో జైతున్ బీకి నవ్వు మళ్లీ మొదలైంది.

"రా దుల్హన్" అని నన్ను దగ్గరికి తీసుకుని తన కణతల మీద మెటికలు విరిచి దిష్టి తీసింది. "ఎన్ని దినాలకు నవ్విచ్చినవే."

తర్వాత బురఖా సర్దుకుని కారు వైపు చూసింది. "వచ్చిన గద. ఇగ తాడు ఎందుకు, నా చేతులతోనే జూస్త."

మా ఆయన్నూ నన్నే సాహెబ్‌నూ ముందు వసారాలోకి తరిమి, షెడ్డు తలుపు దగ్గరగా వేశాం. జైతున్ బీ కారు చుట్టూ ఒకసారి తిరిగింది. తలుపు తీసి లోపలికి తొంగిచూసింది.

"గింతేనా! నా చేతుల్ల ఇంకా పెద్దగ ఉండె."

మెల్లగా ఎక్కి, అత్తయ్య ఎప్పుడూ కూర్చునే మూలన కూర్చుంది. ఎన్నో బండ్ల సీట్లు కుట్టిన మనిషి మొదటిసారి తాను కుట్టిన సీటు మీద కూర్చుంది. కొత్త చీర కట్టిన పిల్లలా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ముందుకు చూస్తూ, "మంచిగనే కుట్టిన గద అక్కా" అంది.

"నా నడుమును అడుగు" అంది అత్తయ్య.

అప్పుడు దిగి పని మొదలుపెట్టింది. జానతో కొలుస్తూ, "ఈడ ఒకటి వెయ్యి. ఈడ రెండు. గట్టిగ గుంజకు, నీ పండ్లు పోతయి" అంటూ నాతోనే ముడులు వేయించింది. గుడ్డ అంచు లోపలికి ఎంత మడవాలో చూడటానికి, వెనక సీటును కాస్త ఎత్తి, కింద చెయ్యి పెట్టింది.

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏమైందే?" అంది అత్తయ్య. "తేలా?"

జైతున్ బీ వేళ్లు సీటు అడుగున కదులుతున్నాయి. ఇటునుంచి అటు, మళ్లీ అటునుంచి ఇటు. చీకట్లో తాడు చదివే వేళ్లు అవి. "ఎత్తున్రి" అంది చివరికి. "సీటు ఎత్తున్రి."

అత్తయ్యా నేనూ కలిసి సీటు లేపి నిలబెట్టాం. అడుగున, సరిగ్గా అత్తయ్య కూర్చునే మూల కింద, టార్పాలిన్ ముక్క ఒకటి అతికి ఉంది. చుట్టూ దగ్గరదగ్గరగా మైనపు దారం కుట్టు. అతుకు అంచు కింద ఎలుక కొరికిన గుడ్డ పోగులు ఇంకా కనిపిస్తున్నాయి.

"ఇది నేను కుట్టింది కాదు" అంది జైతున్ బీ. "ఆయన కుట్టింది కాదు. మా కుట్లు కుడి దిక్కు వాల్తయి. ఇది ఎడమ దిక్కు వాలింది."

నాకు అర్థం కాలేదు. అత్తయ్యకు అర్థమైంది. ఆమె కారు తలుపు గట్టిగా పట్టుకుంది.

"వాడు ఎడమచేతివాడు" అంది నెమ్మదిగా, నాకోసం. "పుట్టంగనే నా వేలు ఎడమచేతితోటే పట్టిండు."

"నా షెడ్డుల ఎలుకల్లేవు జైతూన్" అంది మళ్లీ. ఆమె గొంతు ఒక్కో మాటకూ పెరుగుతోంది. "ఈడ ఉన్నప్పుడు ఈ సీటు మంచిగుండె. ఎలుకలు కొరికింది ఆ నేరేడ్‌మెట్ కొట్టంల. వాడు కుట్టింది ఎలుకలు కొరికినంక. అంటే బండి పోయినంక! మిలిటరీ వచ్చినంక!"

జైతున్ బీ దారం మీద గోరుతో గీసి, ఆ గోరు మాకు చూపించింది. మైనం ఇంకా మెత్తగా ఉంది, కుట్టి ఎన్నో రోజులు కాలేదు.

నేను షెడ్డు తలుపు తోసుకుని వసారాలోకి పరుగెత్తాను. ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. నన్నే సాహెబ్ చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు. మా ఆయన ఆయన వెనకే వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. జైతున్ బీ ముసుగు దించుకోవడం కూడా మరచిపోయింది. భర్త చెయ్యి పట్టుకుని ఆ కుట్టు మీద పెట్టింది.

ఆయన చాలాసేపు తడిమాడు.

"వంకర కుట్టు" అన్నాడు. "ఎన్నిసార్లు చెప్పిన. సూది ఆ చేతిల పట్టకురా అని ఎన్నిసార్లు చెప్పిన. నేర్వలే. గాడిద కొడుకు, ఇంకా నేర్వలే."

అని కారు మెట్టు మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఆ ఏడుపు దుఃఖానిది కాదని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఓదార్చలేదు.

మా ఆయన గోడవైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. నేను వెళ్లి ఆయన చేతిలో చెయ్యి పెట్టాను. అత్తయ్య ఉందని కూడా చూడలేదు.

"బండిని ఎత్తుకపోలే" అంది అత్తయ్య. ఎవరితోనో కాదు, తనతోనే. "వాళ్లకు దొరకకుంట దాచిండు. దాచి, దాని దగ్గరనే ఉండి, నేను కూసునే జాగ ఎలుకలు తినకుంట కాపాడిండు. నేనేమో బజారోళ్ల మాటలిని నోరు మూస్కొని కూసున్న."

"మరి ఇంటికి ఎందుకు రాలేదమ్మా?" అన్నారు మా ఆయన.

సైన్యానికి భయపడ్డాడా? బజారు మాటలకా? బంగళాలోకి మనుషులు దిగాక ఎటు వెళ్లాడు? ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నాడా?

అత్తయ్య కొంగు బిగించింది. కాన్పుకు పిలుపొచ్చినప్పుడు ఆమె అలాగే బిగిస్తుందని మా ఆయన తర్వాత చెప్పారు.

"రేపు పొద్దుగాల అందరం నేరేడ్‌మెట్ పోతున్నం. ఆ బంగళా సుట్టు ఉన్న ప్రతి ఇల్లు నాకెరుకే. సగం మంది పిల్లలు నా చేతుల పుట్టినోళ్లే. వాడు యాడున్నా నాకు చెప్తరు. జైతూన్, నువ్వు నా పక్కన కూసోవాలె. మణీ, నువ్వు సుత. శేఖర్, బండి నువ్వు నడుపు."

"సీట్లకు గుడ్డ?" అన్నాను నేను. ఆ క్షణంలో కూడా నా బుద్ధి వంకాయ రంగు మీదే ఉంది.

జైతున్ బీ కళ్లు తుడుచుకుని, నేను వేసిన ముడుల తాడును నా చేతిలోంచి తీసుకుంది. తర్వాత, అందరూ తప్పించుకు తిరిగిన ఆ ముందు సీటు దగ్గరికి వెళ్లి, దాని వెడల్పు జానతో కొలిచి, తానే ఒక కొత్త ముడి వేసింది.

"వెనక సీట్లకు తొందర లేదు. నడిపేటోని సీటుది మాత్రం ఇయ్యాల్నే కుడ్తా" అంది. "పోయేటప్పుడు మాస్టరు నడపనియ్యి, గోడలకు రాస్కుంట. వచ్చేటప్పుడు దాంట్ల నా కొడుకు కూసుంటడు."